నంబరు బిళ్ళంత

ముప్పై ఒక్క చలికాలాలు
సరాతోవ్‌లో ఒక నాటకశాల నేలమాళిగలో,
కోట్లు అప్పజెప్పే బల్ల వెనక నిలబడ్డాను.
తడి ఉన్ని వాసన. మంచు కరిగి మడుగులు.
కోటు ఇటు, ఇత్తడి బిళ్ళ అటు.
పైన రోజూ ఎవడో రాజు చచ్చిపోయేవాడు,
జనం చప్పట్లు కొట్టేవాళ్ళు.
కింద నా కాళ్ళలో నెత్తురు
మెట్లెక్కడం మానేసింది.

కూర్చోకూడదని రూలేమీ లేదు.
కుర్చీయే లేదు.

ఎడమ చీలమండకి పైన మొదట దురద,
ఆ తర్వాత టీ ఒలికినట్టు మచ్చ,
ఆ తర్వాత పుండు, సరిగ్గా నంబరు బిళ్ళంత.
నాలుగేళ్ళు.
పూసినవి పూశాను, చుట్టినవి చుట్టాను,
కాలు దిండు మీదెత్తి కప్పు వంక చూశాను.
మరదలు ఎల్విరా వచ్చినప్పుడల్లా కిటికీ తెరిచేది,
"అబ్బ, ఏం ఉక్క" అనేది,
జనవరిలో.

గుల్షాత్ అనే నర్సు మూడు లీటర్ల గాజుసీసా తెచ్చి బల్ల మీద పెట్టింది.
మేం దోసకాయలు ఊరేసుకునే సీసా లాంటిదే,
మూతికి పలచటి గుడ్డ.
లోపల నల్ల రిబ్బన్లు తమలో తాము ముడిపడి విడిపోతున్నాయి.
"సెంటు సబ్బు వాడారా, రిమ్మా పహోమొవ్నా?"
వాడాను. నాలుగేళ్ళుగా నాకదే పని.
"వీటికి గిట్టదు" అని
గోరువెచ్చటి నీళ్ళతో కడిగింది, మళ్ళీ కడిగింది,
నా కాలు నా కాలి వాసనే వచ్చేదాకా.

ఇన్నాళ్ళకి
ఆ వాసన కావలసినవాళ్ళు దొరికారు.

మొదటిది పుండు అంచు వెంట తల ఆడిస్తూ తడిమింది,
చీకట్లో పరాయి కోటు జేబులో
తన తాళంచెవి వెతుక్కునేవాడిలా.
దొరికింది కాబోలు. దురదగొండి ఆకు రాసుకున్నంత చురుక్కు.
"అంతేనా?"
"అంతే. టీ తాగుతారా?"

మా మేనేజరుని ఎన్నిసార్లు జలగా అని తిట్టుకున్నానో.
పొరపాటు నాది.
ఇది కడుపు నిండగానే వదిలేసింది,
దారం తెగిన గుండీలా టప్పున రాలింది.

రాలినవాటిని గుల్షాత్ స్పిరిట్ గిన్నెలో వేసింది.
ఒకటి ఒక మనిషికి, ఒక్కసారికే.
అది బిగుసుకుని, నా నెత్తురు కాస్త కక్కి, ఆగిపోయింది.
"వోల్గాలో వదిలెయ్యొచ్చుగా" అన్నాను.
తల అడ్డంగా ఊపింది, గడియారం వంక చూసింది.
బయట బెంచీ మీద ఇంకా ఆరు కాళ్ళు ఉన్నాయి ఆమె కోసం.

ఆ రాత్రి కట్టు తడిసి, పాత తువ్వాలు తడిసి,
మర్నాడు మధ్యాహ్నం దాకా కారుతూనే ఉంది.
భయపడమన్నట్టు ఎల్విరా ఫోన్ చేసింది.
నేను భయపడలేదు.
కదలని నెత్తురు కదిలితే ఎలా ఉంటుందో
చెప్పడం నాకు చేతకాదు.
నాటకం అయిపోయాక తలుపులన్నీ ఒక్కసారి తెరిస్తే
పై అంతస్తు మొత్తం మెట్ల మీద అడుగులేస్తుంది చూడండి,
ఆ చప్పుడు. కాకపోతే ఈసారి
పైకి.

రెండు వారాలకోసారి పలచటి ప్లాస్టిక్ కాగితం పరిచి
గుల్షాత్ పుండు చుట్టూ గీత గీస్తుంది.
బిళ్ళంత. ఓవర్‌కోటు గుండీ అంత.
మొన్న కొలిస్తే చొక్కా గుండీకి కొంచెం పెద్ద.
మానిందని చెప్పను. చెప్తే దిష్టి.

దాని చుట్టూ చిన్న గుర్తులు పడ్డాయి,
మూడు గీతలు ఒకచోట కలిసినవి, పంతొమ్మిది.
స్నానం చేసేటప్పుడు లెక్కపెడతాను.
సీజన్ ముగిసి దీపాలు ఆర్పేశాక కూడా
ఎవరూ వచ్చి అడగని కోట్లు కొన్ని మిగిలేవి మా దగ్గర.
మేనేజరు పారెయ్యమనేవాడు.
నేను ఆ చివరి కొక్కేల మీద
వాటినలాగే ఉంచేదాన్ని.